ఎవరికొరకు ఈ మేడ?

(యిర్మీయా 22:13–17 చదువుడి)



విశాఖపట్నము ఫిషింగ్ హార్బరులో పడవలవారు ఎరిగిన సంగతి యొకటి గలదు. పైన బరువు హెచ్చి అడుగున తగ్గిన పడవ పెద్ద అలకు తిరగబడును. నగరపు వెలుపల కొత్త మేడలు కట్టువారు దీనిని మరచిరేమో! వీధివైపు నిలువెత్తు అద్దములు, పెండ్లిపందిరియంత హాలు. అయితే పడమటి ఎండకు చూరు లేదు, గాలి పారుటకు ఎదురెదురు కిటికీలు లేవు, బాటసారికి అరుగు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు ఆ నగరములో అద్దపు గోడలెన్నో పగిలిపోయెను.

యెహోయాకీము రాజును విశాలమైన మేడ, పెద్ద కిటికీలు, దేవదారు పలకలు, ఎర్రరంగు కోరెను. ప్రవక్త మాత్రము పనివానికి ఇయ్యని కూలిని గూర్చి అడిగెను. అతని తండ్రి యోషీయా దీనులకు న్యాయము తీర్చి సుఖముగా నుండెను.

మనమును పట్టణపు బంధువుల మేడ చూచి, అప్పు చేసి, అట్టిదే కట్టగోరుచున్నాము గదా! తాపీమేస్త్రి కూలి బాకీయుండగా మరియొక అంతస్తు లేపుదుమా? మొదట కూలి చెల్లింతము. పిమ్మట గాలికి కిటికీ, అతిథికి అరుగు పెట్టుదము. అట్టి యింటిని ప్రభువు దీవించును గాక. ఆమేన్.