ఏడ్చాక ఏం చేశాం?

చదవవలసిన వాక్యభాగం: 2 కొరింథీయులకు 7:8–11

"అయ్యగారండీ, కథ చదివి ఇంతలా ఏడవడం తప్పాండీ?" ఆలమూరులో ఆదివారం ఆరాధన అయ్యాక, డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది. ముందు రాత్రే శరత్ బాబు 'దేవదాసు' పూర్తి చేసిందట.

తప్పేమీ లేదు తల్లీ. 1917లో బెంగాలీలో అచ్చయిన నవల అది. చక్రపాణి వంటి అనువాదకుల చలవతో శరత్ మన తెలుగువాడే అన్నంతగా ఇళ్లలో కలిసిపోయాడు. 1953లో అక్కినేని, సావిత్రి నటించిన సినిమా చూసి అమ్మమ్మలు, తాతయ్యలు కూడా ఏడ్చారు. అయితే ఎవరి కోసం ఏడ్చారు? ఎక్కువమంది దేవదాసు కోసమే.

అతను ప్రేమించిన పార్వతి నుదుటి మీది మచ్చ మనకు అంతగా గుర్తుండదు. చిన్నప్పుడు కూడా దేవదాసు ఆమె మీద చెయ్యి చేసుకున్నవాడే. పెద్దవాళ్లు అంతస్తు చూసి పెళ్లి కాదన్నారు. అతను ఎదురు చెప్పలేక పట్నం పోయి, ప్రేమ లేదన్నట్టు ఉత్తరం రాశాడు. మనసు మార్చుకుని తిరిగొచ్చేసరికి ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొట్టాడు. ఆ తర్వాత బాధపడ్డాడు, నిజంగానే పడ్డాడు. ఆ బాధను తాగుడుతో పెంచి పోషించుకున్నాడే గాని, దానివల్ల ఎవరి గాయమూ మానలేదు. చివరికి ఎడ్లబండిలో ఆమె అత్తవారి ఊరు చేరి, వాకిట్లోనే ప్రాణం విడిచాడు. బతికి ఉన్న పార్వతికి ఇంకో గాయం మిగిల్చాడు.

పౌలు రాసిన ఒక ఉత్తరం కూడా కొరింథువారిని ఏడిపించింది. ఆ కబురు సహచరుడు తీతు పౌలుకు తెచ్చాడు. వాళ్లు ఎంత ఏడ్చారని పౌలు లెక్క చూడలేదు. ఆ దుఃఖం వాళ్లలో ఏం పుట్టించిందో చూసి సంతోషించాడు: తప్పు దిద్దుకోవాలన్న ఆత్రం, పాడైన సంబంధాన్ని బాగుచేసుకోవాలన్న ఆశ. దేవుని వైపు తిరిగిన దుఃఖం మనిషిని మారుస్తుంది. తన చుట్టూ తానే తిరిగే దుఃఖం మనిషిని తినేస్తుంది. ధవళేశ్వరం దగ్గర కాలువకు మళ్లిన గోదావరి నీరే మన చేలకు అందుతుంది, మిగతాది సముద్రం పాలు. మన కన్నీళ్లకూ ఆ మళ్లింపు కావాలి.

ప్రభువును ఎరగనని బొంకిన పేతురు కూడా వెక్కి వెక్కి ఏడ్చాడు. తర్వాత ప్రభువు అతనికి తన గొర్రెలను అప్పగించాడు. ఏడ్చిన మనిషికి చేయడానికి పని దొరికింది.

శరత్ తన నవల చివర, దేవదాసులాంటి అభాగ్యుల కోసం ప్రార్థించమని పాఠకులను వేడుకున్నాడు. ఆ మాట మన్నిద్దాం, అక్కడితో ఆగిపోవద్దు. ప్రేమ చెడి గడ్డం పెంచుకున్న కుర్రాణ్ణి చూసి "దేవదాసు అయిపోయాడ్రా" అని నవ్వేస్తాం. వాడి పక్కన కూర్చుని "అన్నం తిన్నావా బాబూ" అని అడిగేవాళ్లు తక్కువ. కొట్టి, ఆనక కాళ్లు పట్టుకుని ఏడ్చేవాణ్ణి నమ్మి వెనక్కి వెళ్లే ఆడపిల్లలున్నారు. అమ్మా, వాడి కన్నీళ్లు నీ భద్రతకు హామీ కావు. నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పు. పిల్లల మనసు కంటే ఇంటి పరువే గొప్పదనుకునే పెద్దలకూ ఈ వాక్యభాగం వర్తిస్తుంది.

ప్రార్థన: కనికరం గల తండ్రీ, పగిలిన మనసుతో వచ్చేవారిని నీవు తోసివేయవు. మా వల్ల గాయపడినవారిని మాకు జ్ఞాపకం చేయుము. మా దుఃఖాన్ని మారుమనస్సుగా మార్చుము. ఒంటరిగా కుమిలిపోతున్న యౌవనస్థుల దగ్గరకు మమ్మును పంపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము, ఆమేన్.

నేటి ఆచరణ: నీ మాటవల్లో చేతవల్లో నొచ్చుకున్న ఒకరి దగ్గరకు వెళ్లి, సాకులు చెప్పకుండా క్షమాపణ అడుగు. వాళ్లు వెంటనే క్షమించకపోయినా కోపం తెచ్చుకోకు.