ఈ తప్పు నాది

"అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని ఇవాళ ఎన్నిసార్లు అన్నానో లెక్కపెట్టలేదు. కాల్ సెంటర్లో నాకు రోజుకి అరవై, డెబ్బై కాల్స్ వస్తాయి, సగానికి పైగా వాటిలో ఆ మాట తప్పదు. ఇళ్ళలో చింతిస్తున్నాం అని ఎవరూ అనరు. పెళ్లి పంక్తిలో కూర చాలకపోతే "ఏమనుకోకండి" అంటారు. కాలు తగిలితే తాకి కళ్ళకద్దుకుంటారు. చింతించడమన్న పని మా స్క్రిప్టులో తప్ప ఇంకెక్కడా బతికున్నట్టు లేదు.

మధ్యాహ్నం ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. కట్టిన డబ్బు ఖాతాలోంచి పోయింది, అవతల జమ కాలేదు. ఆయన ఫోన్ చెయ్యడం ఇది నాలుగోసారి. నా స్క్రీన్ మీద "పెండింగ్" అని ఉంది. దాన్ని కదిలించే మీట నా చేతిలో లేదు. "అమ్మాయ్, నువ్వు మంచిదానివే. మొన్న మాట్లాడిన పిల్లా మంచిదే. మీ మంచితనాన్ని నేనేం చేసుకోను తల్లీ?" అన్నాడు. తిట్టేవాళ్ళయితే నయం, మ్యూట్ నొక్కి ఒక గుక్క నీళ్ళు తాగితే పోతారు. ఇలాంటివాళ్ళు ఇంటిదాకా వస్తారు.

అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ‘ద మేనేజ్డ్ హార్ట్’ అనే పుస్తకం తెచ్చింది. మాలాంటివాళ్ళు చేసేదాన్ని భావోద్వేగ శ్రమ అంది. ఆవిడ దగ్గరగా చూసింది రెండు రకాలవాళ్ళని: విమానంలో ప్రయాణికులకు వడ్డించేవాళ్ళని, బాకీలు వసూలు చేసేవాళ్ళని. ఒకరు లేని నవ్వు తెచ్చుకోవాలి, ఒకరు లేని కోపం తెచ్చుకోవాలి. మాది మూడో రకమేమో. చెయ్యని తప్పుని ఒప్పుకోవడం, రోజుకి ఎనిమిది గంటలు.

ఇంటికొచ్చేసరికి ఎనిమిదైంది. అమ్మ ఫోన్ చేస్తే "దయచేసి లైన్లో ఉండండి" అని నోటికొచ్చేసింది. "ఏ లైన్లోనే?" అంది. ఫోన్ పెట్టేసి, బిస్కెట్ల కోసం వెన్న తీసి గట్టు మీద పెట్టాను.

నేను చేసేది ఉస్మానియా బిస్కెట్లు. పేరేమో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ది. రుచి మాత్రం చిటికెడు ఉప్పుది. తీపి అనుకుని కొరికితే చివర్న ఉప్పు తగులుతుంది, అందుకే అంత తియ్యటి ఇరానీ చాయ్ పక్కన కూడా మొహం మొత్తదు. కప్పు వెన్నకి ముప్పావు కప్పు పంచదార పొడి. వెన్న మెత్తబడాలి గాని కరగకూడదు. 32, 35 డిగ్రీల మధ్య అది కరిగిపోతుంది. మే నెలలో హైదరాబాద్ వంటింట్లో పొయ్యి వెలిగించకుండానే ఆ వేడి ఉంటుంది, కాబట్టి తొందరపడాలి. పచ్చగా ఉన్నది తెల్లబడేదాకా గరిటెతో గిలకొట్టాలి. అలా లోపలికెళ్ళిన గాలే బిస్కెట్‌ని గుల్లగా చేస్తుంది. తర్వాత రెండు కప్పుల మైదా, రెండేసి చెంచాల కస్టర్డ్ పొడి, పాలపొడి, కాస్త యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. మైదా పడ్డాక పిసక్కూడదు. చపాతీ పిండికి అలవాటుపడ్డ చేతికి ఇదే కష్టం. పిసికిన కొద్దీ పిండి సాగి, బిస్కెట్ గట్టిపడుతుంది. ముద్ద కట్టగానే చెయ్యి తీసెయ్యాలి.

పోయిన నెల ఒకరోజు చిటికెడు వెయ్యాల్సిన చోట చెంచాడు ఉప్పు వేశాను. మా ఆయన ఒకటి కొరికి, ఏమీ అనకుండా వెళ్ళి గ్లాసుడు మంచినీళ్ళు తాగొచ్చాడు. నేనూ కొరికాను. సముద్రం! నవ్వొచ్చింది, నవ్వు తగ్గాక ఎందుకో ఒళ్ళు తేలికైంది. ఈ తప్పు నాది. ఎక్కడ జరిగిందో తెలుసు, ఏ చెంచాతో జరిగిందో తెలుసు. పై డిపార్టుమెంటుకి పంపక్కర్లేదు, ఏడు పనిదినాలు ఆగమని ఎవరికీ చెప్పక్కర్లేదు. మళ్ళీసారి చిటికెడే వేస్తే అయిపోతుంది. "సారీ" అన్నాను. పొద్దుట్నించీ అన్ని సారీలు చెప్పిన నోటితో నాదైన సారీ అదొక్కటే.

ఇవాళ ఉప్పు సరిగ్గానే పడింది. పైన పాలు రాసి, 180 డిగ్రీల మీద పదిహేను నిమిషాలకు పెట్టి, ఓవెన్ అద్దం ముందు నేల మీద కూర్చున్నాను. పదో నిమిషానికి వాసన లేస్తుంది. పాలలోని మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి ఆ రంగూ ఆ వాసనా ఇస్తాయి. ఈ చర్యని 1912లో వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పేరు మయార్. నాకు మాత్రం అది ఖమ్మంలో బేకరీ వాసన. వేసవి సెలవుల్లో మైదా, పంచదార, డాల్డా ఇంటి నుంచే మోసుకెళ్ళి బిస్కెట్లు చేయించుకునేవాళ్ళం. కట్టెల భట్టీ దగ్గర వంతు కోసం మధ్యాహ్నమంతా కూర్చునేదాన్ని, నా పిండి వేరేవాళ్ళ ట్రేలోకి పోతుందేమోనని కాపలా. వేడివేడి బిస్కెట్లు రేకు డబ్బాలో పోసుకుని తెస్తే అమ్మ చెప్పే మొదటి మాట: "మూత పెట్టకు, చెమట పడుతుంది." ఒకసారి చీమలకి భయపడి పెట్టేశాను. తెల్లారేసరికి డబ్బా నిండా మెత్తటి రొట్టెముక్కలు.

బిస్కెట్లు చేస్తే మనసు కుదుటపడుతుందని ఎవరికైనా చెప్పాలంటే నాకు మొహమాటం. రేపు తొమ్మిదింటికి మళ్ళీ అదే క్యూ. పెద్దాయన డబ్బు ఈ రాత్రికి పెండింగే, వెన్నతో అది కదలదు. మా ఫ్లోర్ మీదికి కాగితం, పెన్ను రానివ్వరు. ఆయన ఫిర్యాదు నంబరు చివరి నాలుగంకెలు గుర్తుపెట్టుకుని వచ్చాను. ట్రే తిప్పుతూ అవే పైకి అనుకుంటున్నాను. డబ్బు ఆగిపోవడం నా తప్పు కాదు. రేపు వెళ్ళగానే ఆ నంబరు తెరిచి చూడకపోతే అది నా తప్పే.

బయటికి తీసినప్పుడు ఇంకా మెత్తగానే ఉన్నాయి. కాలలేదనుకుని లోపలికి తోస్తే చల్లారాక రాళ్ళవుతాయి. కాసేపు వదిలేశాను. ఒకటి వేడి మీదే తిన్నాను, నాలిక కాలింది. మిగిలినవి డబ్బాలో పేర్చాను. మా ఆయన మూత తెచ్చాడు. "ఇప్పుడే వద్దు, పొద్దున పెడదాం" అన్నాను.