శునకాహారము - దయాధర్మము

హైదరాబాదు పాతబస్తీలో శాకాహార గృహములును మాంసపు దుకాణములును ఒకే వీధిలో నుండుట క్రొత్త విషయము కాదు. దుకాణము ముందు ఎముకలు తిని పెరిగిన కుక్కపిల్లను లింగధారియగు గృహస్థుడు చేరదీసినపుడు ధర్మసందేహము కలుగును. దానికి పచ్చిమాంసము, ఎముకలు అలవాటు చేయవలెనా? లేక ఇంటి ఆచారమునే విధింపవలెనా?

కుక్కకు సహజమైన ఆహారమును కాదనుట హింస యని కొందరందురు. మేక ప్రాణము తీసి కుక్కపై చూపునది దయ యెట్లగునని మరికొందరు ప్రశ్నింతురు. రెండు మాటలలోను సత్యము కలదు. కావున ముందుగా ఆ ప్రాణి స్వభావమును తెలిసికొనవలెను.

పిల్లి స్వభావతః మాంసాహారి. కుక్క అట్లుగాక వేలయేండ్లు మనుష్యుని వెంట మెలగి అతని అన్నమును పంచుకొన్నది. పిండిపదార్థమును జీర్ణము చేయు జన్యువు ప్రతులు తోడేలులో కంటె కుక్కలో పెక్కు రెట్లున్నవని 2013లో 'నేచర్' పత్రిక ప్రకటించిన పరిశోధన తెలిపినది. కనుక పశువైద్యుని సలహాతో మాంసకృత్తులకు లోటు లేకుండ కూర్చిన శాకాహారముతో పెరిగిన కుక్క ఆరోగ్యముగా నుండగలదు. వట్టి మజ్జిగన్నము మాత్రము చాలదు. ఉల్లి, వెల్లుల్లి కలిసిన కూర దానికి హానికరము.

పచ్చిమాంసములో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవు లుండవచ్చును. అవి కుక్కనుండి ఇంటిలోని పిల్లలకు, వృద్ధులకు సోకును. గొఱ్ఱెల పచ్చి కాలేయము, ఊపిరితిత్తులు తిన్న కుక్క ద్వారా మనుష్యునకు నీటితిత్తుల వ్యాధి రాగలదు. పచ్చి ఎముక పండ్లను విరుచును. ఉడికిన ఎముక పెళుసై చీలి ప్రేగులను గ్రుచ్చును. పచ్చిమాంసము తిన్న కుక్క కాపలాకు క్రూరముగా నుండునని కొందరి నమ్మిక. క్రూరత్వమునకు కారణములు భయము, నిత్యబంధనము, శిక్షణలేమి, మాంసము కాదు. ఆ కోరికతో పెట్టు ముద్ద ఆహారము కాదు, ఆయుధము.

బసవేశ్వరుడు సకల ప్రాణుల యెడ దయను ధర్మమునకు మూలముగా బోధించెను. ఆ సకల ప్రాణులలో మేకయు కలదు, కుక్కయు కలదు. హావినహాళ కల్లయ్య కుక్కచేత వేదము పలికించెనను కథను శరణులు చెప్పుకొనుట, ఏ ప్రాణిని నీచముగా చూడరాదనుటకే. మాంసము నర్పించిన కన్నప్పను శివుడు స్వీకరించినది భక్తిని చూచి; ఆ కథ వధకు అనుజ్ఞ కాదు, అన్యుల ఆహారమును బట్టి వారిని తూచరాదను హెచ్చరిక.

దీక్ష తెలిసి స్వీకరించునది. కుక్క ఏ వ్రతమును పట్టలేదు. మన శుద్ధికై దానిని కృశింపజేయుట ఆచారము కాదు, అహంకారము. వధ లేకుండ దాని దేహము నిలుచునేని అదియే ఉత్తమము. ఆహారమును మాత్రము కొన్ని దినములలో క్రమముగా మార్చవలెను. రోగముచే వైద్యుడు మాంసము తప్పదన్నచో, ఎముక తీసి బాగుగా ఉడికించి పెట్టుటయే తగును. ఆ బాధ్యతను మోయలేనని తలచువాడు కుక్కను తెచ్చుటకు ముందే ఆలోచింపవలెను. తెచ్చిన పిదప ఆచారము పేర మరల వీధిలో విడుచుట ఏ ధర్మమునకును సమ్మతము కాదు.