‘నువ్వు’ – మర్యాద: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాడుకలో ఒక నైతిక ప్రశ్న

విజయవాడ, నాగార్జునసాగర్ రహదారుల మీదుగా వచ్చేవారికి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలు హైదరాబాదు తూర్పు వాకిళ్లు. నల్లగొండ నుంచి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలూ, శిక్షణ కేంద్రాల కోసం చేరిన విద్యార్థులూ ఇక్కడ ఒకే వీధిలో ఉంటారు. అందుచేత మర్యాదకు సంబంధించిన రెండు అలవాట్లు నిత్యం ఎదురుపడుతుంటాయి. ‘అన్నా, జర జరుగు’ అన్న మాటలో కోస్తా శ్రోతకు ‘అండి’ లేని లోటు వినిపిస్తుంది. ‘కొంచెం జరుగుతారా అండీ’ అన్నప్పుడు నల్లగొండ శ్రోతకు ఒక్కోసారి గౌరవం కంటే దూరమే తోస్తుంది. మొదటి వాక్యాన్ని మొరటుతనమనడం నిలవదు. ‘అన్నా’ బంధుత్వాన్ని, ‘జర’ అభ్యర్థనను తెలుపుతున్నాయి. ‘జరుగుండ్రి’ అనే గౌరవరూపం తెలంగాణ వాడుకలో ఉండనే ఉంది.

అయితే ఇదంతా మాండలిక భేదమేనని సరిపెట్టుకోవడం మరీ సులువైన సమాధానం. సర్వనామాల ఎంపికలో అధికారం, సాన్నిహిత్యం అనే రెండు సూత్రాలు పనిచేస్తాయని బ్రౌన్, గిల్‌మన్ 1960లో ప్రతిపాదించారు. ఇరవై ఏళ్ల హాస్టల్ విద్యార్థి తన తండ్రి వయసున్న వంటమనిషిని ‘నువ్వు’ అంటాడు. అతడు ‘సార్’ అని బదులిస్తాడు. స్నేహితుల మధ్య చెల్లిన ‘నువ్వు’ ఇక్కడ తిరిగి ఇవ్వలేని మాట. ఏ మాండలికమూ దీనిని సమర్థించదు.

రూపాన్ని బట్టి మర్యాదను కొలవలేమనడానికి పూర్వపు నల్లగొండ జిల్లాలోనే బలమైన నిదర్శనం ఉంది. 1946–51 సాయుధ పోరాటానికి ముందు వెట్టి కింద నలిగినవారి నోట పలికిన ‘నీ బాంచన్ దొరా, కాల్మొక్త’ వినయానికి పరాకాష్ఠ. కాని అందులో ఉన్నది ‘మీ’ కాదు, ‘నీ’. ఏకవచనం సాష్టాంగపడింది. ఇందుకు విరుద్ధంగా ‘ఇక తమరు దయచేయవచ్చు’ అన్న వాక్యం ఆద్యంతం గౌరవవాచకమే. చేసే పని గెంటివేయడం.

తాత మనవణ్ణి ‘నువ్వు’ అనడం కూడా అసమానమే కదా అన్న ఆక్షేపణ రావచ్చు. (అమ్మను ‘నువ్వు’ అని, నాన్నను ‘మీరు’ అనే ఇళ్ల సంగతి వేరే వ్యాసానికి తగినది.) మనవడు కాలక్రమంలో తాత స్థానానికి చేరుకుంటాడు. వంటమనిషికి ఎంత వయసు పైబడినా, ఏటేటా కొత్తగా వచ్చే ఇరవై ఏళ్లవారికి అతడు ‘నువ్వే’.