పొంగిన పాలు

ఉదయమున గృహిణి స్వామి ఆరగింపునకై పొంగలి వండుచుండగా పసిబిడ్డ వచ్చి కొంగు లాగును. ముందు దేవునికా, బిడ్డకా? మడి చెడునన్న జంకుతో బిడ్డను కసరి పంపు తల్లులు కలరు. పిదప పూజలో మనసు నిలువదు; చెవి ఏడుపువైపే యుండును.

భాగవత దశమ స్కంధమున యశోదకును ఇట్టి చిక్కే వచ్చెను. దాసీలు వేరు పనులలో నుండగా ఆమె స్వయముగా పెరుగు చిలుకుచు బాలకృష్ణుని లీలలు పాడుకొనుచుండెను. బాలుడు వచ్చి కవ్వము పట్టుకొనెను. చిలుకుట ఆపి పాలిచ్చెను. ఇంతలో పొయ్యిమీది పాలు పొంగెను. ఆకలి తీరని బిడ్డను దించి పరుగెత్తెను. ఎవరిని దించెను! అయినను, ఆ పాలు మాత్రము ఎవరికొరకు? ఇల్లు నడుపు స్త్రీకి ఈ రెంటిని వేరుచేయుట సులభము కాదు. ఆమెను తప్పుపట్టువారు ఒక్కనాడైనను పొయ్యి దగ్గర నిలిచి యుండరు.

బాలుడు అలిగి కుండ పగులగొట్టెను. కర్రతో వెంబడించిన తల్లి, వాడు భయపడుట చూచి కర్రను పారవైచెను. త్రాడు రెండంగుళములు చాలకపోవుటను అందరును చెప్పుకొందురు. ఆ కర్రను తలచువారు తక్కువ.

బిడ్డను ఎత్తుకొని ఊరడించి, తిరిగి మడి కట్టుకొన్న గృహిణి ఇంట స్వామి ఆరగింపు కొంత ఆలస్యమగును. అంతియే.