కూర్చునేవారికి వండేదెవరు?

కళ్ళు మూసుకుని కూర్చోవడానికి డబ్బు అక్కరలేదు. ఇల్లూ అక్కరలేదు. వేపచెట్టు కింద కూర్చున్నా ఊపిరి ఆడుతూనే ఉంటుంది, దాన్ని గమనించుకోవచ్చు. కాని పదిమంది పదిరోజులపాటు మాటామంతీ లేకుండా కూర్చోవాలంటే పదకొండో మనిషి కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొట్టడానికి, పొయ్యి వెలిగించడానికి, నీళ్ళు తోడడానికి, మరుగుదొడ్డి కడగడానికి. ఆ పదకొండో మనిషికీ ఆ పదిమందికీ ఉన్న సంబంధం ఏమిటి? కూలీయా, దానమా, ఋణమా? ధ్యానకేంద్రం పెట్టాలనుకునేవారు స్థలం చూసుకోకముందే తేల్చుకోవలసిన సంగతి ఇది.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో తగిలింది కాదు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగరం పోయే దారిలో, సాత్తూరు చుట్టుపక్కల, మా బంధువులకు కొంత మెట్టభూమి ఉంది. నల్లరేగడి. ఒకప్పుడు పత్తి, కంబు, మినుము పండిన నేల. ఇప్పుడు పిల్లలు చెన్నైలో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు, భూమి తుమ్మచెట్లు మొలిచి బీడుపడింది. వారిలో ఒకరు రెండు మూడు విపశ్యన శిబిరాలకు పోయి వచ్చి, ఆ బీట్లో ముప్ఫైమందికి సరిపడే ధ్యానకేంద్రం కట్టుదామని ప్రతిపాదించారు. అందరూ మెచ్చుకున్నారు. డెబ్బై దాటిన మా అత్త మాత్రం, "ఊరక కూసునేవాళ్ళకి వండి పెట్టేదెవరప్పా?" అంది. నవ్వేశారు. అది నవ్వి వదిలేసే మాట కాదని నాకు తోచింది.

ఆ మాట వెనక ఒక చరిత్ర ఉంది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళంలో రాసి, 1976లో "గోపల్ల గ్రామం" నవల వెలువరించారు. తెలుగునాడు విడిచి వలసవచ్చినవాళ్ళు అడవి కొట్టి ఈ కరిసల్ సీమలో ఊరు కట్టుకున్న కథ అది. 1991లో దాని తరువాయి నవలకు సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఐప్పశి, కార్తీక మాసాల్లో పడే నాలుగు వానలను నమ్ముకుని బతికిన నేల ఇది. ఇక్కడ ఊరక కూర్చోవడం ఎన్నడూ గౌరవం కాలేదు. పనిచేయని మనిషికి అన్నం ఎక్కడిదనే ప్రశ్న మా అత్తకు సహజంగానే వస్తుంది.

అట్లాగని శ్రమణులు ఈ సీమకు కొత్తవారూ కారు. కోవిల్‌పట్టికి ఇరవై కిలోమీటర్ల దూరంలో కళుగుమలై ఉంది. ఆ కొండరాతి మీద పాండ్యుల కాలంలో, ఎనిమిది తొమ్మిది శతాబ్దాల్లో చెక్కిన తీర్థంకరుల బొమ్మలు వరుసలుగా కనబడతాయి. అది బౌద్ధం కాదు, జైనం. కాని మన ప్రశ్నకు అదీ ఇదీ ఒకటే. బొమ్మల కింద వట్టెళుత్తు లిపిలో చెక్కించినవారి పేర్లున్నాయి. కుమ్మరులు, వడ్రంగులు, కమ్మరులు ఉన్నారు. కురత్తియార్లు అనబడే ఆడ గురువులూ ఉన్నారు. తలా ఒక బొమ్మ చెక్కించుకుంటూ పోగా కొండ నిండింది.

పూర్వం విహారాలు నిలిచిన పద్ధతుల్లో ఇది ఒకటి. మరొకటి రాజదానం. నాగపట్టణంలో చూడామణి విహారాన్ని సముద్రం అవతలి శ్రీవిజయ రాజు కట్టిస్తే, మొదటి రాజరాజ చోళుడు ఆనైమంగళం అనే ఊరి ఆదాయాన్ని దాని ఖర్చులకు రాసి ఇచ్చాడు. ఆ రాగిశాసనం ఇప్పుడు లైడెన్ పేరుతో ప్రసిద్ధం. రాజులు పోయారు, ఆదాయం పోయింది. చివరికి మిగిలిన ఒక్క గోపురాన్ని 1867లో కూల్చివేశారు.

మూడోది వర్తకుల పద్ధతి. నాసిక్ గుహలో రెండో శతాబ్దపు ఉషవదాతుడి శాసనం ఉంది. భిక్షువుల కోసం అతను 3,000 కార్షాపణాలు నేతగాళ్ళ శ్రేణుల దగ్గర దాచాడు. అసలు ముట్టకూడదు, వడ్డీ మాత్రమే వాడాలి. దీనినే అక్షయనీవి అన్నారు. అందులో 2,000కి నెలకు నూటికి ఒకటి వడ్డీ. లెక్క వేసి చూడండి, ఏడాదికి 240 అవుతుంది. ఇరవైమంది భిక్షువులకు, ఒక్కొక్కరికి 12 చొప్పున, బట్టల ఖర్చు. లెక్క చక్కగా సరిపోయింది. అయితే ఆ వడ్డీ పుట్టింది ఎక్కడ? మగ్గం గుంటలో. మన అరుప్పుక్కోట్టై నేతగాళ్ళను చూసినవారికి ఆ 240 కార్షాపణాల వెనక ఎన్ని చేతులు ఆడి ఉంటాయో చెప్పనక్కరలేదు. భిక్షువు బంగారం, వెండి ముట్టకూడదని వినయ నియమం. బుద్ధుడు పోయిన నూరేళ్ళకు వైశాలిలో జరిగిన సభలో ఆ నియమం మీదే వాదం నడిచిందని సంప్రదాయం చెబుతుంది. చేతితో ముట్టకపోయినా, డబ్బుతో సంబంధం తెగిపోదు. అది కాస్త దూరంగా, కంటికి ఆనని చోట జరుగుతుంది, అంతే.

ఇక ఇప్పటి పద్ధతి చూద్దాం. మాండలేలో పుట్టి, రంగూనులో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకున్న సత్యనారాయణ గోయెంకా గారు 1969లో భారతదేశానికి వచ్చి విపశ్యన శిబిరాలు మొదలుపెట్టారు. 1976లో హైదరాబాదులో ధమ్మఖేత్త, ఇగత్‌పురిలో ధమ్మగిరి రూపుదిద్దుకున్నాయి. 2013లో ఆయన పోయినా కేంద్రాలు ఆగలేదు. ఎందుకు ఆగలేదంటే ఆయన పెట్టిన ఒక నియమం వల్లనని నేననుకుంటాను. శిబిరానికి రుసుము లేదు. తిండికీ, పడకకూ కూడా లేదు. ఒక్క పదిరోజుల శిబిరమైనా పూర్తి చేసినవారి దగ్గరే విరాళం పుచ్చుకుంటారు. బోధించేవారికి జీతం లేదు. వండి వడ్డించేవారు చాలావరకు పాత సాధకులే, సేవగా చేస్తారు.

ఈ నియమంలో ఉన్న నీతి లోతైనది. నీ అన్నానికి నువ్వు చెల్లించడానికి వీల్లేదు. నీకు ముందు కూర్చున్నవాడెవడో చెల్లించి పోయాడు. వాడి ముఖం నీకు తెలియదు. నువ్వు ఇచ్చేది నీ తరువాత వచ్చేవాడికి పోతుంది, వాడి ముఖమూ నీకు తెలియదు. డబ్బిచ్చి తిన్నవాడు పప్పులో ఉప్పు తక్కువైతే అడుగుతాడు. ఇతరులు పెట్టింది తిన్నవాడు తల దించుకుని తింటాడు. పదిరోజులపాటు ఆస్తిపరుణ్ణి కూడా భిక్షువును చేసే ఉపాయం ఇది. మా బంధువు మొదట వేసిన లెక్కలో మనిషికి రోజుకింత అని రుసుము ఉండేది. అది తీసేయమని నేను సలహా ఇచ్చాను. రుసుము పెడితే అది విడిది అవుతుంది, బుద్ధుడి బొమ్మ పెట్టిన విడిది.

కాని ఆ నియమం కూడా మా అత్త ప్రశ్నకు పూర్తి జవాబు కాదు. కొన్నేళ్ళ కిందట ఒక కేంద్రంలో పదిరోజులు వంటింటి సేవకు పోయాను. కూరలు తరగడం, వడ్డించడం మా పని. పెద్ద గుండిగలు తోమడానికీ, మరుగుదొడ్లకూ జీతానికి పెట్టుకున్న మనుషులు వేరే ఉన్నారు. అందులో ఒకామె నేను ఫోనులో ఇంటివాళ్ళతో మాట్లాడుతుండగా విని, "మీరు తెలుగువాళ్ళా సామీ?" అని దగ్గరికి వచ్చింది. వాళ్ళింట్లోనూ తెలుగే. నాలుగేళ్ళుగా అక్కడ పనిచేస్తోంది. వెళ్ళిపోయే రోజు అడిగింది: "లోపల ఏం జేస్తారు సామీ వీళ్ళు?" నాలుగేళ్ళలో ఎవరూ ఆమెకు చెప్పలేదు. రమ్మని పిలవలేదు. పొమ్మన్నవారూ లేరు. ఆమె లోపలికి రావచ్చన్న ఆలోచనే ఎవరికీ కలగలేదు.

ఇక్కడ మనం మనలో మనం ఒక మాట చెప్పుకోవాలి. ఈ జిల్లాల్లో తెలుగు అంటే నాయుడు, రెడ్డియారు, రాజు, దేవాంగులు మాత్రమే కాదు. అరుందదియార్లు కూడా తెలుగు మాట్లాడతారు. మనతోపాటు ఈ నేలకు వచ్చినవారే, మన తెలుగు వాళ్ళ తెలుగే. తోలుపని, పాకీపని వారి మీదే పడ్డాయి. మన మాతృభాష సభల్లో వారి పేరు ఎన్నిసార్లు విన్నాం? ధ్యానకేంద్రం కడితే మరుగుదొడ్డి దగ్గరికి ఎవరు వస్తారో అడక్కుండానే మనకందరికీ తెలుసు. అదే నా భయం. 1898లో అయోతిదాస పండితర్ మద్రాసులో శాక్య బౌద్ధ సంఘం పెట్టినప్పుడు, 1956లో అంబేద్కర్ నాగపూరులో దీక్ష తీసుకున్నప్పుడు, వారు బుద్ధుణ్ణి ఆశ్రయించింది మనశ్శాంతి ఒక్కదానికే కాదు. మనిషిని పుట్టుకతో కొలవని చోటు కోసం. ఆ చోటు పేరు పెట్టుకుని, చీపురు మాత్రం పాత చేతుల్లోనే ఉంచితే, అది ఎంత నిశ్శబ్దంగా ఉన్నా బౌద్ధం కాదు.

చైనాలో బాయ్‌జాంగ్ అనే జెన్ గురువు కథ ఒకటి ఉంది. ఎనిమిది తొమ్మిది శతాబ్దాలవాడు. ముసలితనంలో కూడా శిష్యులతోపాటు పొలంలో దిగేవాడు. జాలిపడి శిష్యులు ఆయన పనిముట్లు దాచేశారు. ఆయన ఏమీ అనలేదు, ఆ రోజు అన్నం ముట్టలేదు. పనిముట్లు తిరిగి ఇచ్చాకే తిన్నాడు. అప్పటినుంచి జెన్ మఠాల్లో చేతిపని కూడా ధ్యానంలో భాగమైంది. ఇక్కడికి దగ్గరలోనే, కొడైకానల్ పక్క పెరుమాళ్‌మలైలో, జపానులో యమదా కోఉన్ దగ్గర నేర్చుకున్న జెస్యూట్ గురువు ఆమా సామి 1996లో నెలకొల్పిన బోధి జెండోలోనూ రోజూ కొంతసేపు చేతిపని ఉంది. బాయ్‌జాంగూ మా అత్తా ఎదురుపడితే ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేదనుకుంటాను.

దీనికి కొందరు మిత్రులు చెప్పే అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది, పనిరాని చేతులతో పని చేయిస్తే చెడుతుంది, ముప్ఫైమందికి అన్నం వండడం వేడుక కాదు అని. నిజమే. రెండోది, పల్లెలో నలుగురికి జీతం దొరకడం మంచిదే కదా అని. అదీ నిజమే. జీతం వద్దని నేననడం లేదు. సరైన జీతం ఇవ్వాలి, వేళకు ఇవ్వాలి. దానిని సేవ అని పేరు పెట్టి తగ్గించకూడదు. కాని జీతం ఇచ్చాం గనుక లెక్క తీరిపోయిందనుకోవడమే పొరపాటు. ఈ సీమలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో, శివకాశి బాణసంచా పనిలో ఎంతోమంది ఆడవాళ్ళు చేసిన పనిని లెక్కపెట్టి కూలీ తీసుకునేవాళ్ళు. వారికి పదిరోజుల సెలవు ఎవరిస్తారు? పదిరోజులు కూర్చోవాలంటే పదిరోజుల కూలీ వదులుకోవాలి. రుసుము లేకపోయినా వారికి ధ్యానం ఉచితం కాదు. మనకు ఉచితమైంది వారికి పదిరోజుల అన్నం ఖరీదు.

నీళ్ళ సంగతి కూడా ఇంతే. మనిషికి రోజుకు 100 లీటర్లు అనుకుంటే ముప్ఫైమందికి 3,000, పదిరోజులకు 30,000 లీటర్లు. వేసవిలో ఊరి బోరు అడుగంటిన రోజుల్లో, కంచె లోపల మోటారు ఆడుతూ ఉంటే, ఆ నీళ్ళతో స్నానం చేసి కూర్చుని సకల ప్రాణులకు మంగళం కోరడానికి మనసొప్పుతుందా?

అందుకని మా వాళ్ళకు నాకు తోచింది చెప్పాను. ముప్ఫైమందికి కాదు, పన్నెండుమందికి కట్టండి. ఇంటికప్పు మీద పడే వాననీళ్ళు పట్టే తొట్టి ముందు, ధ్యానమందిరం తరువాత. పాత్రలు, మరుగుదొడ్లు కూర్చున్నవారే వంతులవారీగా కడగాలి, గురువుతో సహా. వంటకు జీతానికి పెట్టుకున్నవారికి ఏడాదిలో ఒక శిబిరం, జీతం కోసుకోకుండా, కూర్చోవడానికి. ఆ పదిరోజులు మనం వండాలి. వాళ్ళకు కూర్చోవడం ఇష్టం లేకపోతే ఆ సెలవు వాళ్ళది, బలవంతం లేదు. ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళకు ఆదివారం సాయంత్రం ఒక గంట తలుపు తీసి ఉంచండి. తెలుగులో, తమిళంలో చెప్పండి, వాళ్ళు ఏ భాషలో అడిగితే ఆ భాషలో.

"ఇట్లా అయితే ఎన్నాళ్ళు నిలుస్తుంది?" అని మా బంధువు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చిన్న కేంద్రానికి విరాళాలు తక్కువ, మనుషులు అలసిపోతారు, పెట్టినవాడు ముసలివాడైతే తరువాత ఎవరన్నది పెద్ద చిక్కు. సంకరన్‌కోవిల్ దగ్గర వీరిరుప్పులో జపాను బౌద్ధ భిక్షువులు కట్టిన శాంతిగోపురం 2020లో తెరిచారు. అట్లాంటి కట్టడాలు చాలాకాలం నిలుస్తాయి. మన పన్నెండుమంది ఇల్లు అట్లా నిలవకపోవచ్చు. కాని అన్నీ అనిత్యమని నేర్పే చోటు తాను మాత్రం శాశ్వతంగా ఉండాలని పట్టుబడితే ఏమవుతుందో ఆలోచించండి. ముందు రుసుము వస్తుంది. తరువాత ధనవంతులకు వేరే గది వస్తుంది. ఆ తరువాత గేటుకు కాపలావాడు వస్తాడు. అప్పుడు బతికి ఉండేది కేంద్రం పేరు మాత్రమే. సరిగా నడవలేని రోజున తలుపు మూసి, భూమిని మళ్ళీ పత్తికి ఇచ్చే ధైర్యం కూడా నిర్వహణలో భాగమే.

వాళ్ళు ఇంకా ఏమీ తేల్చుకోలేదు. తొట్టి కొలతలు మాత్రం వేయించారు. ఈ సీమలో ఇట్లాంటి పూనిక ఉన్న పాఠకులెవరైనా ఉంటే, మందిరం పటం గీయించకముందే ఒక సాయంత్రం ఆ ఊరి తెలుగు ఇళ్ళన్నిటికీ వెళ్ళి రండి. అన్నిటికీ అంటే అన్నిటికీ. ఎవరు కూర్చుంటారు, ఎవరు వండుతారు, ఎప్పుడు చోట్లు మార్చుకుంటారు అని అడగండి. అక్కడ వచ్చిన జవాబును బట్టి కట్టుకోండి.