సున్నా అబద్ధమా?

యంత్రం తీర్పు చెప్పదు, లెక్క మాత్రమే కడుతుందని చదువుకున్నవారు సైతం అంటూ వుంటారు. ఇందులో నిజం సగమే. మిగిలిన సగం తెలియాలంటే వెబ్ పేజీలను నడిపే ప్రోగ్రామును విప్పి, ‘ఇఫ్’ అనే చిన్న మాట దగ్గర ఆగాలి.

‘ఇఫ్’ అంటే ‘అయితే’. పక్కన బ్రాకెట్లలో ఒక షరతు. అది నిజమైతే ఒక పని, కాకపోతే ‘ఎల్స్’ కింద వ్రాసిన మరొక పని. ఇంతవరకు తగాదా లేదు. చిక్కంతా ‘నిజం’ దగ్గరే. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో లోకానికి అందించిన పి.హెచ్.పి. భాష, షరతు స్థానంలో ఏ విలువ పెట్టినా దాన్ని నిజంగానో అబద్ధంగానో మార్చుకుంటుంది. ఖాళీ గడి అబద్ధం. సున్నా అబద్ధం. ‘0’ అని అక్షరరూపంలో వచ్చినా అబద్ధమే. అదే ఏడు పుట్టిన జావాస్క్రిప్టులోనో, సున్నా సంఖ్యగా వస్తే అబద్ధం, అక్షరంగా వస్తే నిజం! ఒక్క సున్నాపై రెండు తీర్పులు. ఈ ‘నిజం’ మనుషులు చేసుకున్న ఒప్పందమే ననడానికి వేరే ఋజువు కావాలా?

ఉపకార వేతనానికి ఒక దరఖాస్తును ఊహించండి. అందులో కుటుంబ ఆదాయం గడి. ప్రోగ్రాము వ్రాసినతను పి.హెచ్.పి.లో ‘ఆదాయం వుంటే ముందుకు, లేకుంటే ఆపు’ అని ఒక్క ఇఫ్‌తో తేల్చాడు. గడి నింపారా లేదా అన్నదే అతని ఉద్దేశం. ఏడాదిగా పని దొరకని కూలీ కూతురు నిజాయితీగా ‘0’ వేసింది. ‘మీరు ఆదాయం తెలుపలేదు’ అని జవాబు. తెలిపింది గదా! చెప్పకపోవడమూ, చెప్పడానికి ఏమీ లేకపోవడమూ ఒకే గంపలో పడ్డాయి. ఎవరికోసం ఆ దరఖాస్తు పెట్టారో ఆమే గడప దాటలేకపోయింది. ఒక్క రూపాయి అని అబద్ధం వేస్తే మాత్రం తలుపు తెరుచుకుంటుంది.

ఇందులో కుట్ర వెదకనక్కరలేదు. దరఖాస్తులోని అంకెలు కూడా అక్షరాలుగానే సర్వరుకు చేరుతాయి గనుక, సున్నాను రెండు రూపాల్లోనూ ఒకటిగా చూడడంలో సౌకర్యం వుంది. ఎవరికి?

ఇది నైపుణ్యలోపమే గాని నీతి ప్రశ్న కాదని కొందరు మిత్రులంటారు. నేనొప్పుకోను. సవరణ అంతుబట్టనిది కాదు: గడి నిజంగా ఖాళీయేనా అని మూడు సమాన చిహ్నాలతో సరిపోల్చితే చాలు, ఒక్క పంక్తి పని. ఆ పంక్తి అవసరమని తోచడానికి మాత్రం భాషా వ్యాకరణం చాలదు. సున్నా ఆదాయంతో బ్రతికే ఇల్లు వుంటుందని వ్రాసే చేతికి తెలిసి వుండాలి. నెలజీతగాడు తన ప్రోగ్రామును పరీక్షించేటప్పుడు గడిలో 50,000 వేసి చూస్తాడు. చక్కగా నడుస్తుంది.

కాలేజీల్లో ఈ పాఠానికి మార్కులే ఉదాహరణ. 35 వస్తే పాస్, ఎల్స్ ఫెయిల్. మరి పరీక్షనాడు జ్వరంతో పడుకున్నవాడో? అతడూ, సున్నా తెచ్చుకున్నవాడూ ఆ ఎల్స్‌లోనే కలిసిపోతారు. మూడో దారికి చోటిచ్చే ‘ఎల్స్ ఇఫ్’ మరుసటి పేజీలోనే వుంటుంది. దానికీ ఉదాహరణలుగా మళ్ళీ ఫస్టు క్లాసు, సెకండు క్లాసులే ఇస్తారు.